శంషాబాద్ నుంచి మధురపూడికి: యాభై నిమిషాల విమానం, ఐదు గంటల ప్రయాణం

హైదరాబాద్ నుంచి రాజమండ్రికి విమానంలో ఎంత సేపు అని అడిగితే మూడు రకాల జవాబులు వినిపిస్తాయి. దూరాలు లెక్కగట్టే సైట్లు 57 నిమిషాలంటాయి. టికెట్ మీద గంటా ఐదు నుంచి గంటా పావు దాకా ఉంటుంది. ఎక్కి దిగినవాళ్లు "ముప్పావు గంటే కదండీ" అంటారు. ముగ్గురూ అబద్ధమాడటం లేదు, ఒక్కొక్కరు ఒక్కోచోట నుంచి గడియారం చూస్తున్నారు. ఈ సర్వీసు ఎవరికి పనికొస్తుందో తేలాలంటే ముందు ఆ గడియారాల ముడి విప్పాలి.

దూరం సంగతి తేలికే. శంషాబాద్, మధురపూడి విమానాశ్రయాలు దాదాపు ఒకే అక్షాంశం మీద ఉన్నాయి. శంషాబాద్ 17.23 డిగ్రీల దగ్గర, మధురపూడి 17.11 దగ్గర. అంటే దారి దాదాపు సూటిగా తూర్పుకే. రన్‌వే నుంచి రన్‌వేకి సరళరేఖలో సుమారు 360 కిలోమీటర్లు, విమానయాన లెక్కలో 194 నాటికల్ మైళ్లు. కొన్ని సైట్లలో 352 అని కనబడితే కంగారు పడక్కర్లేదు, అవి హైదరాబాద్ నడిబొడ్డు నుంచి రాజమండ్రి నడిబొడ్డుకి కొలిచిన అంకెలు. విమానం ఊరి మధ్య నుంచి ఎగరదు కాబట్టి ఆ అంకెతో మనకు పని లేదు. రైలు దారి మాత్రం సికింద్రాబాద్ నుంచి కాజీపేట మీదుగా విజయవాడకు దిగి మళ్లీ పైకి వస్తుంది కనుక 500 కిలోమీటర్ల దాకా అవుతుంది. రోడ్డు మీద ఏ దారిన వచ్చినా నాలుగొందల అటూ ఇటూ.

ఇక 57 నిమిషాలు ఎక్కడిదంటే, ఆ సైట్లు ప్రతి విమానానికీ గంటకు 800 కిలోమీటర్ల వేగం వేసి, పైన ఓ అరగంట కలుపుతాయి. 360ని 800తో భాగిస్తే 27, ముప్పై కలిపితే 57. బోయింగో ఎయిర్‌బస్సో అయితే ఆ సూత్రం కొంత నప్పుతుంది. కానీ ఈ దారిలో ఇన్నేళ్లుగా ఎక్కువగా తిరిగింది ఏటీఆర్ 72, రెండు ఫ్యాన్ల విమానం. ట్రూజెట్ సంస్థ ఉన్నప్పుడూ అదే, ఇప్పుడు ఇండిగో నడిపేదీ అందులో 600 రకమే. దాని పరుగు బాగా తోలితే గంటకు 500 కిలోమీటర్లు. సూత్రం తప్పు, విమానం వేరు, అయినా జవాబు నిజానికి దగ్గరగా రావడం కాకతాళీయం.

అసలు లెక్క ఇలా ఉంటుంది. చక్రాలు నేల వదిలాక 17 వేల అడుగులకు ఎక్కడానికి ఏటీఆర్‌కు పావుగంట. ఆ పావుగంటలో యాభై నాటికల్ మైళ్లు గడుస్తాయి. దిగడానికి ఇంకో పన్నెండు, పదమూడు నిమిషాలు, అందులోనూ యాభై మైళ్లు. మధ్యలో మిగిలేది తొంభై ఐదు మైళ్లు, 270 నాట్ల వేగంతో (అంటే గంటకు 270 నాటికల్ మైళ్లు) ఇరవై ఒక్క నిమిషం. రన్‌వేకి వరస కుదుర్చుకోవడానికి రెండు మూడు నిమిషాలు కలిపితే మొత్తం యాభై, యాభై రెండు. అంటే ఈ ప్రయాణంలో సగానికి పైగా ఎక్కడం, దిగడమే. అందుకే ఇదే దారిలో ఎయిర్‌బస్ వేసినా ఆదా అయ్యేది పది నిమిషాలు. "జెట్ వేస్తే అరగంటలో పోవచ్చు" అనే మాటను నమ్మవద్దు. జెట్‌కు దాని వేగం చూపించుకునేంత దూరమే లేదిక్కడ.

తిరుగు ప్రయాణంలో రెండు మూడు నిమిషాలు ఎక్కువ పట్టడం మామూలే. శంషాబాద్ సముద్రమట్టానికి 617 మీటర్ల ఎత్తున ఉంది, మధురపూడి 46 మీటర్లే. రాజమండ్రి వైపు గుట్ట మీద నుంచి దిగినట్టు, హైదరాబాద్ వైపు గుట్ట ఎక్కినట్టు. దానికి గాలి తోడవుతుంది. ఇరవై నాట్ల ఎదురుగాలి ఉంటే నాలుగు నిమిషాలు పోతాయి, వెనక గాలైతే అంతే కలిసొస్తాయి. పైలట్ చెప్పే ఎత్తును చెవి పెట్టి వింటే ఇంకో ముచ్చట తెలుస్తుంది. తూర్పుకి వెళ్లేటప్పుడు 17 వేలు, 19 వేలు అని బేసి అంకెలు చెబుతారు. పడమటికి తిరిగొచ్చేటప్పుడు 16 వేలు, 18 వేలు. ఎదురెదురుగా వచ్చే విమానాలు ఒకే ఎత్తులో ఉండకుండా పెట్టిన నియమం అది.

మరి టికెట్ మీద గంటా పది ఎందుకు? అది బ్లాక్ టైమ్. విమానం నిలబడ్డ చోటు నుంచి కదిలినప్పటి నుంచి, అవతల ఆగి చక్రాలకు దిమ్మెలు పెట్టేదాకా. శంషాబాద్‌లో నిలబడ్డ చోటు నుంచి రన్‌వే మొదటికి వెళ్లి, వరసలో నిలబడి ఎగరడానికి పది, పదిహేను నిమిషాలు. మధురపూడిలో దిగాక ఆగడానికి ఐదు నిమిషాలు చాలు. మీద ఓ నాలుగైదు నిమిషాలు కంపెనీలు దాచుకుంటాయి, "సమయానికి చేరాం" అని చెప్పుకోవడానికి. అందుకే కొన్నిసార్లు పది నిమిషాలు ఆలస్యంగా కదిలినా టైముకే దిగుతుంది.

ఈ బ్లాక్ టైమ్ మరోచోట పనికొస్తుంది. విమానం రద్దయితే పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ నిబంధనల ప్రకారం ఇచ్చే పరిహారం దీన్నిబట్టే ఉంటుంది. గంట లోపు బ్లాక్ టైమ్ ఉన్న సర్వీసుకు గరిష్ఠంగా 5,000 రూపాయలు. గంట దాటి రెండు గంటల లోపైతే 7,500. లేదా ఒకవైపు మూల ఛార్జీ, ఇంధన ఛార్జీ కలిపి ఎంతో అంత. రెంటిలో ఏది తక్కువైతే అది. టికెట్ మీద 1.05 అని ఉంటే మీరు రెండో తరగతిలోకి వస్తారు. కౌంటరులో గట్టిగా అడగాల్సినప్పుడు ఆ అంకె చూపించండి. అయితే మంచు, తుపాను లాంటి కారణమైతే పరిహారం రాదు, డబ్బు వాపసో ఇంకో విమానమో మాత్రమే. ఆలస్యం రెండు గంటలు దాటుతుంటే తిండి, నీళ్లు ఇవ్వాలి. ఆరు గంటలు దాటేటట్టుంటే వేరే విమానం గానీ పూర్తి డబ్బు గానీ ఎంచుకునే హక్కు మీదే.

ఇప్పుడు అసలు ప్రశ్న. ఇంటి గడప నుంచి అక్కడి గడపకు ఎంత? గోదావరి జిల్లాలవాళ్లు బాగా స్థిరపడ్డ కూకట్‌పల్లి, నిజాంపేట వైపు నుంచే లెక్క వేద్దాం. అవుటర్ రింగ్ రోడ్డు మీదుగా శంషాబాద్‌కు నలభై కిలోమీటర్లకు అటూ ఇటూ, గంటా పావు. చెకిన్ కౌంటరు బయలుదేరే సమయానికి గంట ముందు మూసేస్తారు, గేటు 25 నిమిషాల ముందు. గంటా ముప్పావు ముందు చేరితే స్థిమితంగా ఉంటుంది. గంటా పది బ్లాక్ టైమ్. సామాను తీసుకుని బయటపడటానికి పాతిక నిమిషాలు. మధురపూడి నుంచి రాజమండ్రి ఊళ్లోకి పద్దెనిమిది కిలోమీటర్లు, అరగంట పైచిలుకు. మొత్తం ఐదు గంటలా పది నిమిషాలు. కాకినాడ అయితే మధురపూడి నుంచి 65 కిలోమీటర్ల రోడ్డు, మొత్తం ఆరు గంటలు.

అదే కూకట్‌పల్లి నుంచి సికింద్రాబాద్ వెళ్లి వందేభారత్ ఎక్కితే రాజమండ్రికి రైలులో సుమారు ఆరు గంటలు, గడపకు గడప ఏడున్నర, ఏడు ముప్పావు. అంటే విమానం మిగిల్చేది రెండున్నర గంటలు. తార్నాక, మల్కాజిగిరి వైపు ఉన్నవాళ్లకు ఆ తేడా రెండు గంటల లోపుకి పడిపోతుంది, ఎందుకంటే వాళ్లకు స్టేషను పక్కనే, విమానాశ్రయం ఊరి అవతల. మామూలు రోజుల్లో విమానం టికెట్ వందేభారత్ చైర్‌కారుకి రెండింతలకు పైనే ఉంటుంది, టాక్సీ ఖర్చు విడిగా. రాత్రి గౌతమి ఎక్కి పడుకుంటే తెల్లారేసరికి గోదావరి దాటుతుంది. పగలు ఒక్క గంట కూడా పోదు. గౌతమిలో బెర్తు దొరికినవాడు విమానం వైపు చూడక్కర్లేదని మా అభిప్రాయం.

విమానం నిజంగా గెలిచే సందర్భాలు మూడే. పొద్దున వెళ్లి సాయంత్రానికి తిరిగి రావాల్సిన పని. రైల్లో ఆరు గంటలు కూర్చోలేని ఒంటి పరిస్థితి. మూడోది, గచ్చిబౌలి, నార్సింగి, రాజేంద్రనగర్ వైపు ఇల్లు. వీళ్లకు శంషాబాద్ అరగంట, సికింద్రాబాద్ గంట. లెక్క మొత్తం తిరగబడుతుంది.

అవతలి చివర కూడా ఎక్కడికి వెళ్తున్నారో చూసుకోవాలి. మారేడుమిల్లి వెళ్లేవాళ్లకు మధురపూడి వరం. విమానాశ్రయం రాజమండ్రికి ఉత్తరాన కోరుకొండ వైపు ఉంది కాబట్టి ఊళ్లోకి రానక్కర్లేకుండా గోకవరం, రంపచోడవరం దారిలో ఎక్కిపోవచ్చు, సుమారు 70 కిలోమీటర్లు. అమలాపురానికి మాత్రం ఊరు దాటి, రావులపాలెం మీదుగా రెండు గంటల దాకా పడుతుంది. తాడేపల్లిగూడెం వరకు మధురపూడే దగ్గర. భీమవరానికి విజయవాడ విమానాశ్రయమున్న గన్నవరం, మధురపూడి రెండూ దాదాపు సమానం. ఏలూరు అయితే ఆలోచించకుండా గన్నవరం. బయటికొచ్చాక కారు దొరుకుతుందిలే అనుకోవడం రాజమండ్రిలో చెల్లదు. ఒకేసారి రెండు విమానాలు దిగితే ఉన్న టాక్సీలు క్షణంలో ఖాళీ. ముందే ఒకరిని మాట్లాడి పెట్టుకోండి. రావడానికి, మళ్లీ ఖాళీగా పోవడానికి కలిపే ధర చెబుతారు, అది అన్యాయం కాదు.

ఏటీఆర్ గురించి కాస్త వివరంగా చెప్పాలి. మొదటిసారి ఎక్కేవాళ్లు భయపడేదీ, మాటిమాటికీ ఎక్కేవాళ్లు విసుక్కునేదీ దాని గురించే.

శంషాబాద్‌లో దీనికి ఏరోబ్రిడ్జి, అంటే టెర్మినల్ నుంచి నేరుగా విమానంలోకి నడిచే వంతెన, ఆశించకండి. బస్సు ఎక్కి దూరంగా నిలబెట్టిన విమానం దగ్గరికి వెళ్తారు. మధురపూడిలో 2012లో తెరిచిన టెర్మినల్ నుంచైతే నడిచే వెళ్లడమే. ఎక్కే తలుపు వెనక ఉంటుంది, ముందు కాదు. ముందు తలుపు సామానుది. బస్సు దిగగానే తోక కింద గమనించండి, ఓ సన్నటి ఇనప కర్ర నేలకు ఆనించి ఉంటుంది. జనమంతా వెనక నుంచే ఎక్కుతారు కాబట్టి బరువంతా ఒక్కసారి తోక మీద పడి ముక్కు పైకి లేవకుండా పెట్టిన ఊతకర్ర అది. కదలబోయే ముందు తీసేస్తారు.

ఎక్కేటప్పుడు ఎడమ ఫ్యాను ఆగి ఉంటుంది, కుడి వైపు నుంచి మాత్రం ఇంజిను హోరు వినిపిస్తుంది. తొంగి చూస్తే ఆ వైపు ఫ్యాను కూడా తిరగదు. "ఇంజిను ఆన్‌లో ఉంది, ఫ్యాను తిరగట్లేదేంటి" అని గాభరా పడేవాళ్లు ప్రతి ట్రిప్పులో ఇద్దరు ముగ్గురుంటారు. పెద్ద విమానాల్లో నేల మీద కరెంటు, ఏసీ కోసం తోకలో చిన్న ఇంజిను ఒకటి విడిగా ఉంటుంది. ఏటీఆర్‌లో అది లేదు. బరువు, ఖర్చు తగ్గించడానికి కుడి ఇంజిన్నే ఆ పనికి వాడతారు, ఫ్యానుకు బ్రేకు వేసి. దీన్నే హోటల్ మోడ్ అంటారు. కరెంటు బాగానే వస్తుంది, చల్లదనమే అంతంతమాత్రం. మే నెల మధ్యాహ్నం తలుపు తెరిచి ఉంచి డెబ్బై మందిని ఎక్కించే పదిహేను నిమిషాలు లోపల ఉడికిపోతారు. రెండు ఫ్యాన్లూ తిరిగి విమానం కదిలాకే చల్లబడుతుంది. చేతిలో విసనకర్ర లాంటి పత్రిక ఒకటి ఉంచుకోవడం తెలివైన పని.

సీట్లు అటు రెండు, ఇటు రెండు. మధ్య సీటు అనే బాధ లేదు. ఇండిగో ఏటీఆర్‌లో 78 సీట్లు. 80 లోపు సీట్లున్న విమానాలకు మన దేశంలో ల్యాండింగ్ ఛార్జీల మినహాయింపు ఉంది. ఇంత చిన్న దారిలో టికెట్ ధర అందుబాటులో ఉండటానికి అదో కారణం. ఇంకో కారణం ఇంధనం. ఈ దూరానికి ఏటీఆర్ తాగేది సుమారు 600 కిలోలు, ఎయిర్‌బస్ 320 తాగేదాంట్లో సగం కూడా ఉండదు.

ఎక్కడ కూర్చోవాలి అంటే, నిద్ర కావాలనుకుంటే వెనక సగంలో. ఫ్యాన్ల రెక్కలు తిరిగే గీత ముందు నుంచి మూడో వంతు దగ్గర ఉంటుంది. ఆ చుట్టుపక్కల వరసల్లో హోరు, సన్నటి వణుకు ఎక్కువ. నీళ్ల సీసా ట్రే మీద పెడితే అలలు కనిపిస్తాయి. పైగా తలుపు వెనకే కాబట్టి వెనకవాళ్లే ముందు దిగుతారు. పెద్ద విమానం అలవాటుతో డబ్బు కట్టి మొదటి వరస తీసుకున్నవాళ్లు ఇక్కడ అందరికంటే చివర దిగుతారు. ఒకే ఒక్క మరుగుదొడ్డి, అదీ వెనకే. చివరి రెండు వరసలు ఆ వాసనకు, క్యూకు దగ్గర. కాబట్టి చివరి నుంచి నాలుగు, ఐదు, ఆరో వరసలు మేలు.

చూడ్డానికైతే ఈ విమానాన్ని మించింది లేదు. రెక్క పైన ఉంటుంది కాబట్టి కిందికి చూపుకు అడ్డు లేదు. 17 వేల అడుగులంటే ఊళ్లు, చెరువులు గుర్తుపట్టగలిగే ఎత్తు. సరళరేఖ గీస్తే దారి సూర్యాపేట, పాలేరు జలాశయం, ఖమ్మం, సత్తుపల్లి, జంగారెడ్డిగూడెం దగ్గరదగ్గరగా పోతుంది. సత్తుపల్లి దాటాక పామాయిల్ తోటలు చదరంగం గళ్లలా ముదురాకుపచ్చగా కనిపిస్తాయి. రాజమండ్రి వెళ్లేటప్పుడు ఎడమవైపు కిటికీకి పోలవరం, దాని వెనక పాపికొండలు. కుడివైపు కిటికీకి రాజమండ్రి, వంతెనలు, వాటి కింద ధవళేశ్వరం ఆనకట్ట. నదిలో నీళ్లు తగ్గిన ఫిబ్రవరి, మార్చిలో ఇసుక మేటల మధ్య పాయలు విడిపోయి కనిపించేది కుడివైపే. నైరుతి వైపు నుంచి 05 రన్‌వేకి దిగితే కుడి కిటికీ ఇంకా బాగుంటుంది. మధ్య వరసల్లో కూర్చున్నవాళ్లకు మరో వినోదం. చక్రాలు రెక్క నుంచి కాక పొట్ట పక్కనున్న ఉబ్బులోంచి బయటికి వస్తాయి. దిగే ఐదారు నిమిషాల ముందు కళ్ల ముందే విచ్చుకుంటాయి.

ఆలస్యాలు, రద్దుల విషయంలో ఈ సర్వీసుకు రెండు శత్రువులు. రెండూ వేరు వేరు నెలల్లో, వేరు వేరు పూటల్లో వస్తాయి. డిసెంబరు, జనవరి, ఫిబ్రవరి మొదట్లో గోదావరి ఒడ్డున తెల్లవారుజామున పొగమంచు దట్టంగా కమ్ముతుంది. మొదటి విమానం మధురపూడి మీదికి వచ్చి చుట్లు కొట్టి, దారి కనపడక వెనక్కి పోవడమో, శంషాబాద్‌లోనే గంటా రెండు గంటలు ఆగిపోవడమో జరుగుతుంది. ఆ నెలల్లో పది దాటాక ఉన్న విమానం తీసుకోండి. ఏప్రిల్ నుంచి జూన్ దాకా దీనికి సరిగ్గా తిరగేయాలి. మధ్యాహ్నం మూడు తరవాత ఖమ్మం మీద మబ్బులు గోపురాల్లా లేస్తాయి. పెద్ద జెట్ అయితే చాలా మబ్బుల పైనుంచి పోగలదు. 17 వేల అడుగుల్లో తిరిగే ఏటీఆర్ వాటి మధ్యలోనే ఉంటుంది, చుట్టూ తిరిగి వెళ్లాల్సిందే. పది, పదిహేను నిమిషాలు పెరుగుతాయి, కుదుపులు తప్పవు. వేసవిలో పొద్దుటి విమానమే పొందిక. అక్టోబరు, నవంబరు తుపాను రోజుల్లో ఏ పూటా నమ్మకం లేదు. ఆ రోజు రైలు కూడా నమ్మకం కాదు గానీ, అది కనీసం విజయవాడ దాకా తీసుకుపోతుంది.

మూడో కారణం ఒకటుంది, వాతావరణానికి సంబంధం లేనిది. ఒకే ఏటీఆర్ రోజంతా ఐదారు ట్రిప్పులు తిరుగుతుంది. ఒక్కో చోట ఆగేది అరగంట లోపే. పొద్దున ఎక్కడో నలభై నిమిషాలు పోతే ఆ నలభై సాయంత్రం దాకా వెంటాడుతుంది. ఇంటి నుంచి బయలుదేరే ముందు ఫ్లైట్‌రాడార్ లాంటి యాప్‌లో మీ విమానం అంతకుముందు ఏ ఊరి నుంచి రావాలో చూడండి. అది ఇంకా అక్కడే నేల మీద ఉంటే కంపెనీ సందేశం రాకముందే మీకు సంగతి తెలిసిపోతుంది. అయినా కౌంటరుకు మాత్రం అసలు టైముకే వెళ్లండి. విమానం ఆలస్యమైనా చెకిన్ మూసే సమయం మారకపోవచ్చు.

సామాను దగ్గర మనవాళ్లు ఎక్కువగా దెబ్బతింటారు. దేశీయ టికెట్‌కు చెకిన్ 15 కిలోలు, చేతిలో 7 కిలోలు. ఏటీఆర్ తల మీది అరలు చిన్నవి. పెద్ద విమానంలో సునాయాసంగా పట్టే చక్రాల పెట్టె ఇక్కడ పట్టక, విమానం మెట్ల దగ్గరే తీసుకుని సామాను గదిలో వేస్తారు. కాబట్టి మందులు, నగలు, కాగితాలు, పవర్‌బ్యాంకు ఆ పెట్టెలో ఉంచకుండా చిన్న సంచిలో వేరుగా పెట్టుకోండి. విమానం నిండితే బరువు లెక్క బిగుసుకుంటుంది. అప్పుడు మొదట కోత పడేది అదనపు సామానుకే.

అమెరికా నుంచి, గల్ఫ్ నుంచి శంషాబాద్‌లో దిగి రాజమండ్రికి మారేవాళ్లు టికెట్ కొనేటప్పుడే జాగ్రత్త పడాలి. రెండు 23 కిలోల పెట్టెలతో వచ్చి, రాజమండ్రి టికెట్ విడిగా కొంటే ఇక్కడ 15 కిలోలే ఉచితం. మిగిలిన 31 కిలోలకు కట్టే డబ్బు ఒక్కోసారి టికెట్‌ను మించిపోతుంది. మొత్తం ఒకే టికెట్‌గా ఒకే బుకింగ్ నంబరు మీద ఉంటే అంతర్జాతీయ సామాను పరిమితే చివరిదాకా వర్తించే అవకాశం ఉంది, కొనేముందు టికెట్‌లో ఆ గడి చూడండి. ఎలాగైనా హైదరాబాద్‌లోనే ఇమిగ్రేషన్, సామాను తీసుకోవడం, కస్టమ్స్ అన్నీ పూర్తిచేసి మళ్లీ అప్పగించాలి. మూడు గంటల తేడా కనీసం ఉండాలి. రెండు గంటలకు కొనడం జూదం. విడివిడి టికెట్లలో మొదటిది ఆలస్యమై రెండోది పోతే ఎవరూ బాధ్యత పడరు. ఢిల్లీ, ముంబయిలో దిగే వీలున్నవాళ్లకు ఇప్పుడు ఇంకో దారి ఉంది. రన్‌వే 3,165 మీటర్లకు పెంచాక 2024 డిసెంబరు నుంచి ఆ రెండు ఊళ్ల నుంచీ ఎయిర్‌బస్‌లు నేరుగా మధురపూడికి వస్తున్నాయి.

మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లను పంపేటప్పుడు చక్రాల కుర్చీ టికెట్‌తో పాటే అడగాలి, కనీసం 48 గంటల ముందు. ఏటీఆర్ తలుపే మెట్లుగా విచ్చుకుంటుంది. మెట్లు కొన్నే గానీ ఇరుకు, ఒకరి చేయి పట్టుకుని ఇంకొకరు పక్కన ఎక్కే వెడల్పు ఉండదు. వాలు బల్ల పెట్టమని గేటు దగ్గర ముందే చెప్పండి.

టికెట్ ధరలు సంక్రాంతికి ఏమవుతాయో గోదావరివాళ్లకు చెప్పక్కర్లేదు. జనవరి 11 నుంచి 13 దాకా ఇటు వచ్చేవి, 16 నుంచి 18 దాకా అటు పోయేవి ఆకాశంలోనే ఉంటాయి. ఎదురు దిశలో మాత్రం ఆ రోజుల్లోనే చవగ్గా దొరుకుతాయి. పిల్లల దగ్గరికి హైదరాబాద్ వెళ్లి పండగ చేసుకునే పెద్దవాళ్లకు అదో వెసులుబాటు. 2027లో గోదావరి పుష్కరాలున్నాయి. ఆ పన్నెండు రోజులకు విమానం మీద ఆశ పెట్టుకునేవాళ్లు అమ్మకాలు తెరవగానే కొనాలి, లేదా గన్నవరం, విశాఖల్లో దిగి రైలు పట్టుకునే పథకం వేసుకోవాలి.

తిరుగు ప్రయాణంలో ఊరి నుంచి తెచ్చే వాటి గురించి ఓ మాట. ఆవకాయ, కారప్పొడి చేతి సంచిలో పెడితే తనిఖీ దగ్గర ఆగిపోతాయి. జాడీ మూతకు టేపు చుట్టి, రెండు ప్లాస్టిక్ సంచుల్లో పెట్టి చెకిన్ పెట్టెలో బట్టల మధ్య వేయండి. కోనసీమ ఎండు కొబ్బరి సంగతి వేరు. నూనె ఎక్కువ, నిప్పంటుకునే గుణముంది కాబట్టి చెకిన్ సామానులో నిషేధం. స్కానర్‌లో కనిపిస్తే పెట్టె తెరిపిస్తారు. పులసను ఐసులో పెట్టి తీసుకుపోదామనుకుంటే నీళ్లు కారే పెట్టెను కౌంటరులోనే తిప్పి పంపుతారు. కాకినాడ కాజా ఎక్కడ పెట్టినా పరవాలేదు, పాకం కారకుండా డబ్బా నిలువుగా ఉంటే చాలు. ఆత్రేయపురం పూతరేకులు మాత్రం చెకిన్‌లో వేస్తే పొడి మిగులుతుంది. తల మీది అరలో పెట్టినా పక్కవాడి సంచి కింద నలుగుతాయి. ముందు సీటు కింద, అడ్డంగా, మీ కాళ్ల మధ్య పెట్టుకోండి.